టీమ్ ప్రైజుని సోలోగా రాసేస్తున్నారు, బెంగళూరు పేరెంట్స్ జాగ్రత్త

అమెరికా కాలేజీలకి పిల్లల చేత అప్లై చేయిస్తున్నవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. పేరు చెప్పను, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు ఒక కన్సల్టెన్సీ, 1,80,000 కట్టాం. మావాడికి రోబోటిక్స్ పిచ్చి, స్కూల్ టీమ్‌లో 8 మంది, పోయినేడు రీజనల్ రౌండ్‌లో ప్రైజొచ్చింది, అందులో వీడిది వైరింగూ కాస్త కోడింగూ అంతే.

కామన్ యాప్‌లో (చాలా అమెరికా కాలేజీలకి ఒకే ఫారంతో అప్లై చేసే వెబ్‌సైట్) అవార్డులకి 5 గళ్ళే ఇస్తారు, ఒక్కోదానికి 100 క్యారెక్టర్లు. "ఇంత తక్కువ చోటులో టీమ్ అనే మాట ఎందుకు మేడం, దండగ" అన్నాడు ఆ కౌన్సెలర్. పైగా లెవెల్ దగ్గర ఇంటర్నేషనల్ అని టిక్కు, ఎందుకంటే పోటీ పెట్టే సంస్థ అమెరికాది కదా అట! ఆడింది రీజనల్ రౌండే అయితే స్టేట్/రీజనల్ అనే పెట్టాలి, సంస్థ ఎక్కడిదైతే ఏంటి. మాకు అప్పుడు తట్టలేదు, బుర్రలూపి వచ్చేశాం.

దసరాకి మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకావిడ ఇంటికి బొమ్మల కొలువు పేరంటానికి వెళ్ళా. వాళ్ళబ్బాయిదీ అదే టీమ్. మాటల్లో "మావాడు కెప్టెన్ కదా వదినా, అదే హైలైట్ చేశారు" అంది ఆవిడ. నా చేతిలో శనగలు అలానే ఉండిపోయాయి, ఎందుకంటే మావాడి అప్లికేషన్లోనూ కెప్టెన్ అనే ఉంది! ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే మక్కీకి మక్కీ ఒకటే లైను, ఇద్దరిదీ అదే కన్సల్టెన్సీ, ఇద్దరూ పెట్టిన కాలేజీల్లో మూడు ఒకటే. అసలు కెప్టెన్ ఇంకో అమ్మాయి, పాపం తను సొంతంగా అప్లై చేసుకుంటోంది. స్కూల్ నుంచి వెళ్ళే లెటర్లో టీచర్ ఆ అమ్మాయి పేరే కెప్టెన్‌గా రాస్తే మావాళ్ళిద్దరి పరిస్థితేంటి? రాసిందంతా నిజమేనని సబ్మిట్ చేసేముందు సంతకం పెట్టేది పిల్లాడే, కౌన్సెలర్ కాదు. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు.

నవంబర్ 1 డెడ్‌లైన్ కాలేజీలవి అప్పటికింకా పంపలేదు కాబట్టి అవన్నీ మార్చేశాం, కానీ ఒకటి ముందే వెళ్ళిపోయింది. ఒకసారి వెళ్ళిన కాపీని మనం మార్చలేం, కాలేజీకే విడిగా రాయాలి, మావాడు కూర్చుని తప్పు ఇదీ అని మెయిల్ పెట్టాడు, ఆ రాత్రి అన్నం తినలేదు వాడు.

ఇప్పుడు ఎలా రాశామంటే, ముందు "టీమ్ అవార్డు, 8 మంది", తర్వాత పోటీ పేరు, ఏ రౌండు. వాడు ఏం చేశాడన్నది యాక్టివిటీస్‌లో వేశాం, అక్కడ 150 క్యారెక్టర్లు ఉంటాయి, వైరింగ్, సెన్సర్లు, వారానికి ఎన్ని గంటలు అన్నీ. నిజం చెప్పొద్దూ, ఇదే బావుంది చదవడానికి, కెప్టెన్ అన్న ముక్క కంటే.

ఇంకోటి మర్చిపోయా, ఇదే కన్సల్టెన్సీ వాళ్ళు ఫైనల్‌కి వెళ్ళిన టీమ్‌లో స్లాటుంది, 40,000 ఇస్తే మీవాడి పేరు కలుపుతాం అని కూడా అడిగారు. అప్పుడే లేచి రావాల్సింది.

డబ్బులు అడిగితే నాన్ రిఫండబుల్ అంటున్నారు. రసీదు తీసి చూస్తే దాని మీద జీఎస్టీ నంబరే లేదు.