పీటర్స్‌బర్గ్ చలిలో దయ్యాల వేట

డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పొద్దున పదింటి దాకా సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది. దయ్యాల కోసం తిరిగే నాకు ఇంతకంటే మంచి ఊరు దొరకదని, విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే మీటరు, వాయిస్ రికార్డరు సర్దుకుని వెళ్లాను. అక్కడ మెడిసిన్ చదువుతున్న మా పిన్ని కొడుకు తోడొచ్చాడు.

మన వీసా, మాస్టర్ కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయవు. నగదు పట్టుకెళ్లండి.

మేం దిగింది పాతకాలపు భవనంలో ఓ హాస్టల్. గది వెచ్చగా ఉంది, కానీ విదేశీయులు ఎక్కడ దిగారో చూపే రిజిస్ట్రేషన్ కాగితం నాలుగుసార్లు అడిగితేగాని ఇవ్వలేదు. మొదటి రాత్రి ఎవరో నడుస్తున్నట్టు టక్ టక్‌మని చప్పుడు. గుండె ఝల్లుమంది. చెవి పెట్టి వింటే హీటర్ గొట్టం. ఆ రాత్రి రికార్డింగంతా చెరిపేశాను.

తప్పక చూడాల్సింది మిఖైలోవ్‌స్కీ కోట. తనను చంపేస్తారన్న భయంతో ఒకటో పావెల్ చక్రవర్తి చుట్టూ కందకాలు తవ్వించి, ఎత్తి మూసే వంతెనలు పెట్టించి కట్టించుకున్నాడు. 1801లో కాపురానికొచ్చిన 40 రోజులకే సొంత అధికారులే పడకగదిలో చంపేశారు. మెదడుపోటు (స్ట్రోక్) వచ్చి పోయాడని లోకానికి చెప్పారు. కొవ్వొత్తి పట్టుకుని ఇప్పటికీ తిరుగుతాడంటారు. గోడలు ఆరకముందే దిగడంతో గదుల్లో చెమ్మ పొగమంచులా పట్టి, దీపాలు పెట్టినా సరిగా కనిపించేది కాదట. అలాంటి చోట కొవ్వొత్తితో ఎవరు నడిచినా దయ్యంలాగే ఉంటారు! ఇప్పుడది రష్యన్ మ్యూజియంలో భాగం. పగలు టిక్కెట్టు కొని లోపల తీరిగ్గా తిరగండి, చీకటి పడ్డాక ఫొంతాంకా నది వైపు నుంచి చూడండి.

అక్కడే నా ఫోను 60 శాతం ఛార్జింగ్‌తో టక్కున ఆగిపోయింది. దయ్యాలు బ్యాటరీ లాగేస్తాయని మనవాళ్లు అంటుంటారు. లోపలి జేబులో కాసేపు పెట్టి, ఒంటివేడి తగిలాక ఆన్ చేస్తే మళ్లీ వచ్చింది. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ అంతే. నేవ్‌స్కీ రోడ్డు మీద ట్రాలీబస్సు వెళ్లినప్పుడల్లా మీటరు లైట్లు కూడా వెలుగుతాయి. వాటిని సాక్ష్యంగా రాసుకోకండి.

గొరోఖొవాయా వీధి 57లో రొటుండా అనే గుండ్రటి మెట్లగది ఉంది. దాని మీద సైతాను కథలు బోలెడు. మేం డబ్బు కట్టిన రాత్రి టూరు గైడు ఎవరిదో బెల్లు నొక్కి తలుపు తీయించాడు. చెప్పులతో బయటికొచ్చిన పెద్దావిడ మమ్మల్ని చూసి మాట్లాడకుండా నిలబడింది. అది జనం కాపురం ఉండే ఇల్లు. వాళ్లు రమ్మంటే తప్ప వెళ్లొద్దు. నేను వెళ్లినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

చివరగా గ్రిబొయేదొవ్ కాలువ. 1881లో రెండో అలెగ్జాండర్ చక్రవర్తి మీద బాంబులు వేయడానికి విప్లవకారిణి సోఫియా పెరోవ్‌స్కయా చేతిరుమాలు ఊపి సైగ చేసింది. ఆమెను 27 ఏళ్లకే ఉరితీశారు. వంతెన మీద ఆమె తెల్లరుమాలుతో కనిపిస్తుందంటారు. చక్రవర్తి పడిపోయిన చోట కట్టిన చర్చిలో ఆనాటి రోడ్డు రాళ్లను అలాగే ఉంచారు. వాటి ముందు నిలబడినప్పుడు మా తమ్ముడు "అక్కా, మీటరు తియ్యవా?" అని మెల్లగా అడిగాడు. బ్యాగు జిప్పు మీద ఉన్న చెయ్యి తీసేశాను.