వెన్నుపాము దెబ్బ తర్వాత కాళ్లకు కరెంటు మిషన్: ఏళ్ల తరబడి వాడినాక

ఈఎంఎస్ మిషన్ (కరెంటుతో కండరాన్ని బిగించేది) పనికొస్తుందా లేదా అన్నది వెన్నులో దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టే ఉంటుంది. నాది టీ8, అంటే వెన్నుపాము ఛాతీ భాగంలో ఎనిమిదో స్థాయి. తొడకు పోయే నరాలు బాగానే ఉన్నాయి, మెదడుతో సంబంధం మాత్రమే తెగింది. ఇలాంటి కాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది. దెబ్బ నడుము చివర తగిలి, కాళ్లు బిగుసుకోకుండా మెత్తగా వేలాడేవాళ్లకు మామూలు మిషన్ ఎంత పెంచినా చాలాసార్లు కండరం కదలదు. నరమే పోయిన కండరానికి ఎక్కువ నిడివి పల్స్ (ఒక్కో కరెంటు తాకిడి) ఇచ్చే వేరే మిషన్ కావాలి. కాబట్టి కొనకముందే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి పెట్టించి చూసుకోండి.

షాపుల్లో చాలాసార్లు టెన్స్ మిషన్ చేతికిస్తారు. అది నొప్పికి. మనకు ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని పల్స్‌లు), పల్స్ నిడివి, ఆన్-ఆఫ్ సమయం, ర్యాంప్ (కరెంటు మెల్లగా పెరిగే సమయం) నాలుగూ విడివిడిగా మార్చుకునేది కావాలి. నేను 35 హెర్ట్జ్, 300 మైక్రోసెకన్లు, 3 సెకన్ల ర్యాంప్ పెడతాను. మొదట్లో 10 సెకన్లు ఆన్, 30 సెకన్లు ఆఫ్, మొత్తం 10 నిమిషాలు చాలు. కరెంటుతో బిగిసే కండరం మామూలు కండరం కన్నా త్వరగా అలసిపోతుంది. అలసిపోయాక కరెంటు పెంచుతూ పోతే లాభం లేదు, ఆపేయాలి. కొన్ని వారాల మీద 20, 30 నిమిషాలకు పోవచ్చు.

తొడకు పెద్ద ప్యాడ్లే వాడాలి, 5 x 9 సెంటీమీటర్లవి. ఒకటి గజ్జల కింద బెత్తెడు దూరంలో తొడ బయటివైపుకు, ఇంకొకటి మోకాలిచిప్పకు నాలుగు వేళ్ల పైన లోపలివైపుకు. మోకాలి కింద దుప్పటి చుట్టి పెట్టుకుని పడుకుంటే కాలు ఎక్కడా తగలకుండా లేస్తుంది. వీల్‌చైర్‌లో కూర్చుని చేస్తే పాదం ఫుట్‌రెస్టుకు కొట్టుకుంటుంది, మనకు తెలియదు. దెబ్బ తగిలి చాలాకాలమైతే తొడ ఎముక పలచబడి ఉంటుంది. డాక్టరు చూడకుండా కాలికి బరువు కట్టి చేయొద్దు, ఎముక విరిగే ప్రమాదముంది.

అన్నిటికన్నా నేను భయపడేది చర్మానికి. స్పర్శ లేదు కాబట్టి మంట తెలియదు, కళ్లే చూసి చెప్పాలి. ప్యాడ్ అంచు లేచిందంటే కరెంటంతా అంటుకున్న కొంచెం చోటే దిగుతుంది, అక్కడ కాలుతుంది. మన ఇళ్లల్లో కాళ్లకు కొబ్బరినూనె రాసి మర్దన చేస్తారు కదా, ఆ జిడ్డు మీద ప్యాడ్ అంటదు. మిషన్ ముందు, మర్దన తర్వాత. సబ్బుతో కడిగి, బాగా తుడిచి, వెంట్రుకలు కత్తెరతో కురచ చేయండి. బ్లేడు వద్దు, సన్న గాట్లు పడతాయి. ప్యాడ్ తీశాక లేత ఎరుపు ఉండి కాసేపట్లో పోతే ఫర్వాలేదు. చుక్కల్లా ఎర్రబడినా, బొబ్బ లేచినా, మరుసటిరోజుకూ ఎరుపు పోకపోయినా ఆ చోట మానేయాలి.

అనంతపురం ఎండకు జెల్ ప్యాడ్లు ఇట్టే ఎండిపోతాయి. వాడగానే ప్లాస్టిక్ షీటుకు అంటించి, జిప్ కవర్లో వేసి నీడన పెట్టండి. తడపాలంటే ఫిల్టర్ నీళ్లు ఒకటి రెండు చుక్కలు. బోరు ఉప్పునీళ్లు వద్దు, ఆరాక తెల్లటి పొర కడుతుంది. కార్బన్ రబ్బరు ప్యాడ్లు, జెల్ ట్యూబు, టేపు అయితే శ్రమ ఎక్కువే గానీ ఖర్చు తగ్గుతుంది, ఎండాకాలంలో నాకు అవే నచ్చాయి.

ఫలితమంటారా, తొడలు మళ్లీ కాస్త నిండాయి. సాయంత్రం పెట్టుకుంటే రాత్రి కాళ్లు ఎగిరిపడటం తగ్గుతుంది, కొందరికి మాత్రం పెరుగుతుంది. మానేస్తే కండ మళ్లీ కరుగుతుంది. దీనితో నడక వస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మొద్దు.

దెబ్బ టీ6 దగ్గర గానీ ఆ పైన గానీ ఉన్నవాళ్లు ఒంటరిగా మొదలుపెట్టొద్దు. ఉన్నట్టుండి తలనొప్పి, మొహం ఎర్రబడటం, చెమటలు వస్తే బీపీ ఎగబాకుతోందని అర్థం. వెంటనే ఆపి, లేపి కూర్చోబెట్టి, కాళ్లు కిందికి దించి, మూత్రం పైపు మెలిపడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, కాలి రక్తనాళంలో రక్తం గడ్డ ఉన్నవాళ్లు ఈ మిషన్ జోలికి పోకూడదు.

కొన్నాళ్లకు ఒక కాలు సరిగ్గా బిగుసుకోకపోతే మిషన్ పోయిందనుకోకండి. ముందు బ్యాటరీ చూసి, కరెంటు సున్నాకు దించి, ప్యాడ్లు కదపకుండా రెండు చానెళ్ల (ఒక్కో కాలికి కరెంటు పోయే దారుల) వైర్లు అటూ ఇటూ మార్చండి. లోపం వైరుతో పాటే రెండో చానెల్‌కు పోతే వైరు లోపల తెగి ఉంటుంది, ఎక్కువగా పిన్ను దగ్గరే. అదొక్కటే కొంటే చాలు.