ప్రదర్శన కోసం చేయించిన నిమ్మలకుంట తోలుబొమ్మలు: చివరి పది రోజుల్లో తేలిన మంచిచెడ్డలు

రామాయణంలోని అశోకవన ఘట్టాన్ని కూచిపూడి నృత్యం, తోలుబొమ్మలాట, వీడియో దృశ్యాలు కలిపి గంటంపావు ప్రదర్శనగా మలచి గత భాద్రపదంలో విజయవాడలో వేదిక ఎక్కించాను. అందులో సీత పాత్ర నాది. హనుమంతుడు, రావణుడు, కాపలా ఉన్న రాక్షస స్త్రీలు తోలుబొమ్మలు. ఆ ఆరు బొమ్మలను శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరున్న నిమ్మలకుంటలో, తరతరాలుగా బొమ్మలాట ఆడుతున్న ఒక కుటుంబం చేత చేయించుకున్నాను. ఇలాంటి ప్రయత్నం తలపెట్టిన కళాకారులకు పనికివస్తుందని ఆ బొమ్మలు, వాటి వెంట వచ్చిన మనిషి, వెలుగు కోసం అద్దెకు తెచ్చుకున్న దీపాలు నాకు ఎంతవరకు అక్కరకు వచ్చాయో రాస్తున్నాను.

ముందుగా బొమ్మల సంగతి. మన ప్రాంతపు తోలుబొమ్మలు దేశంలోని నీడబొమ్మల్లో చాలా పెద్దవి. నేను చేయించిన రావణుడు అయిదడుగుల పైమాటే. మేకతోలును నానబెట్టి, వెంట్రుక గీకి, బిగించి ఆరబెట్టి, వెలుగు దూరేంత పలుచగా చేసిన తరువాత గీతలు గీసి, సన్నని ఉలులతో చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. నగలన్నీ ఆ చిల్లుల వల్లే మెరుస్తాయి. రావణుడి కంఠహారంలో ఒక్కొక్క చుక్క ఆకారం వేరువేరుగా ఉండడం బొమ్మను చేతిలో పట్టుకుని చూసినప్పుడు నాకు అంతగా తెలియలేదు కానీ, తెర వెనుక దీపం వెలిగిన క్షణంలో ఆ హారం నిజంగా రాళ్ళు పొదిగినట్టు కనిపించి, హార్మోనియం వాయించే పెద్దాయన వాయించడం ఆపి చూస్తూ ఉండిపోయారు. భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్ళ దగ్గర కట్టిన కీళ్ళు కూడా చక్కగా కదిలాయి. చేతి పనితనంలో ఈ కుటుంబానికి వంక పెట్టడానికి లేదు.

అయితే రెండు లోపాలు చెప్పక తప్పదు. మొదటిది, బొమ్మలు చెప్పిన గడువుకు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాయి. పది రోజుల చివరి సాధనలో నాలుగు రోజులు పోవడం చిన్న విషయం కాదు. అట్టతో కత్తిరించిన ఉత్తుత్తి బొమ్మలతో ఆ రోజులు నెట్టుకొచ్చాం. రెండవది, రాక్షస స్త్రీల బొమ్మల్లో రెండింటికి ఒకవైపే రంగు వేశారు. ఈ కళాకారులకు ఇప్పుడు ఎక్కువ జీవనం లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే పటాల మీదే సాగుతోంది. పటానికి ఒకవైపు రంగు చాలు. ఆడే బొమ్మ మాత్రం క్షణానికోసారి ముఖం తిప్పుతుంది కాబట్టి రెండు వైపులా సమానంగా రంగు ఉండాలి, లేకపోతే తిరిగిన ప్రతిసారీ వెలవెలబోతుంది. పాత బొమ్మలన్నీ అలాగే రెండు వైపులా రంగుతో చేసేవారు. లోపం చూపించగానే మారు మాట లేకుండా గ్రీన్‌రూమ్‌లోనే కూర్చుని రెండోవైపు రంగు నింపి ఇచ్చారు. అది వారి నిజాయితీ. కానీ ఆర్డరు ఇచ్చే రోజునే ‘ఆడించడానికి’ అని గట్టిగా చెప్పకపోవడం నా పొరపాటు కూడా.

వాతావరణం గురించి నన్ను ముందే ఎవరైనా హెచ్చరించి ఉంటే బాగుండేది. అనంతపురం ప్రాంతపు పొడి గాలిలో బిగువుగా ఉన్న తోలు, కృష్ణ ఒడ్డున వానాకాలపు తేమకు ఒక్క రాత్రిలో మెత్తబడి, అంచులు ముడుచుకుంది. హనుమంతుడి తోక తెరకు అతకకుండా ఇవతలికి వంగిపోయింది. సాధన గదిలో ఏసీ నడుస్తూ ఉండగా నూలు గుడ్డల మధ్య బొమ్మలను పరిచి, పైన చదునైన చెక్కలు పెట్టి ఉంచితే మరునాటికి మళ్ళీ దారికొచ్చాయి. కోస్తాలో ప్రదర్శించేవారు ఈ ఏర్పాటు మొదటి రోజు నుంచే చేసుకోవడం మంచిది.

దీపాల దగ్గరే ఎక్కువ శ్రమపడ్డాం. అద్దెకిచ్చే సంస్థ మేము అడిగింది వినకుండా రంగులు మారే ఎల్‌ఈడీ లైట్లు పంపింది. వాటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు పక్కపక్కన పదుల సంఖ్యలో ఉంటాయి. బొమ్మ తెరకు ఆనుకుని ఉన్నంతసేపు ఇబ్బంది తెలియదు. ఒక అడుగు వెనక్కి జరిగిందంటే ఒక్క నీడకు బదులు రంగురంగుల అంచులతో నాలుగైదు నీడలు పడతాయి. మా ప్రదర్శనకు ప్రాణమైన ఘట్టం సరిగ్గా అక్కడే ఉంది. సీత నమ్మకం కోసం హనుమంతుడు తన చిన్న రూపాన్ని పెంచి చూపే సన్నివేశంలో రెండున్నర అడుగుల బొమ్మను తెర దగ్గర నుంచి దీపం వైపు నెమ్మదిగా జరుపుతూ నీడను పెంచాలని మా ఆలోచన. అందుకు ఒకే చోటి నుంచి వచ్చే వెలుగు కావాలి. పూర్వం ఆముదపు దీపాలతో ఆడిన ఆటకు ఇప్పుడు దగ్గరగా వచ్చేది చిన్న తీగ ఉన్న హాలోజన్ దీపమే. రెండు రోజులు వాదించిన మీదట వెయ్యి వాట్ల హాలోజన్ ఒకటి, దానికి డిమ్మరు ఇచ్చారు. దాన్ని తెరకు పన్నెండు అడుగుల వెనుక, ఆడించేవారి తల నీడ పడని ఎత్తులో కట్టాం. బొమ్మ దీపానికి నాలుగు అడుగుల దూరానికి వచ్చేసరికి నీడ మూడింతలై ఏడున్నర అడుగుల హనుమంతుడు తెర నిండా నిలబడ్డాడు. వేడికి తోలు పాడవుతుందని అంతకన్నా దగ్గరికి పోనివ్వలేదు. దీపం మంచిదే, అడిగిన వస్తువును మొదటే పంపని ఆ సంస్థను మాత్రం నేను ఎవరికీ సూచించలేను.

వీడియో గురించి ఒక్క మాట చాలు. ప్రొజెక్టరు ‘నలుపు’ చూపిస్తున్నప్పుడు కూడా కొంత వెలుగు తెర మీద పడి బొమ్మల రంగులను కడిగేస్తుంది. బొమ్మలాట నడిచినంతసేపు లెన్సుకు అడ్డంగా నల్ల అట్ట పెట్టడానికి ఒక కుర్రవాణ్ణి నియమించాం.

ఇన్నింటిలో నేను ఇచ్చిన డబ్బుకు ఎన్నో రెట్లు విలువైనది, బొమ్మలతో పాటు చివరి మూడు రోజులు మాతో ఉన్న ఆ ఇంటి పెద్దాయన రాక. రానుపోను ఖర్చులు, రోజు భత్యం వేరుగా మాట్లాడుకోవాలి, తప్పకుండా మాట్లాడుకోవాలి. ఏ క్షణంలో ఏ బొమ్మ, ఏ దీపం కదలాలో నేను రాసుకున్న క్యూ షీట్ చూసి ఆయన, ‘తెరకు తగిలితేనే రంగు కనపడేదమ్మా, ఇడిస్తే నీడే’ అన్నారు. ఆ మాటతో సగం క్యూలు మార్చాను: రావణుడి దర్పమంతా రంగుల్లో, అంటే తెరకు అతికి, సీత భయమంతా నీడల్లో, అంటే తెరను విడిచి. మరో చిక్కు తాళంలో వచ్చింది. వారు రంగనాథ రామాయణంలోని ద్విపదను, అంటే రెండేసి పాదాల పద్యాన్ని, సాగదీసి, గాలికి వదిలినట్టు పాడతారు. నా పాదాలకు నట్టువాంగం, అంటే తాళాలు వాయిస్తూ జతులు చెప్పి నృత్యాన్ని నడిపే పద్ధతి, లెక్క కావాలి. ఇద్దరికీ కుదరక మేము తంటాలు పడుతుంటే ఆయన తనతో తెచ్చుకున్న చెక్కపలక తెర వెనుక వేసి, హనుమంతుడు గెంతే ప్రతిచోటా గజ్జెకాలితో దాని మీద గట్టిగా తొక్కారు. యుద్ధాలలో దెబ్బల చప్పుడుకు బొమ్మలాటలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే అది. ఆ చప్పుడును మృదంగ విద్వాంసుడు అందుకున్నారు, నేను మృదంగాన్ని అందుకున్నాను. హెడ్‌సెట్లలో క్యూలు చెప్పే ఏర్పాటు అక్కడితో మానేశాం.

ప్రదర్శన నాడు ఉదయం రావణుడి మోచేతి ముడి తెగింది. ఆ పెద్దాయన కొత్త దారంతో పది నిమిషాల్లో కట్టి, చేతిని నాలుగుసార్లు ఆడించి చూసి, ఈతముల్లుతో బొమ్మను తెరకు గుచ్చి నిలబెట్టారు. కదలని బొమ్మలను అలా ముల్లుతో నిలపడం వల్ల ఇద్దరే మనుషులు ఆరు బొమ్మలను నడిపించగలిగారు. వేదిక ఖర్చు లెక్కవేసుకునేవారికి ఇది గమనించదగ్గ విషయం.

వచ్చే ప్రదర్శనలో, సీతకు కాపలా ఉన్న రాక్షస స్త్రీలలో ఒకరైన త్రిజట స్వప్నాన్ని కూడా చేర్చబోతున్నాను. ఆ బొమ్మను అదే కుటుంబానికి చెప్పాను. గడువు ప్రదర్శనకు నెల ముందుగా పెట్టి, రెండు వైపులా రంగు, నడుము దగ్గర కీలు, ఆడించడానికే అన్న మూడు మాటలు చీటీ మీద రాసి ఆయన చేతికి ఇచ్చి వచ్చాను.