ఐరన్లు ఎప్పుడు మార్చాలి? గేమ్ ఇంప్రూవ్‌మెంటా, బ్లేడ్లా, రెండూ కలిపా?

"హ్యాండిక్యాప్ పది లోపుకి వచ్చింది, ఇక బ్లేడ్లు కొనుక్కోవచ్చా?" మూడు నాలుగేళ్లు గోల్ఫ్ ఆడినవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ దురద పుడుతుంది. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు. నన్నడిగితే, హ్యాండిక్యాప్ చూసి ఐరన్లు (లోహపు హెడ్ ఉన్న, అంకెలు వేసిన క్లబ్బులు) ఎంచుకోవడం ఒళ్లు తూచి చెప్పుల సైజు చెప్పడం లాంటిది. ఆ అంకెలో డ్రైవర్, చిప్పింగ్, పటింగ్ అన్నీ కలిసిపోయి ఉంటాయి. పటర్ పుణ్యమా అని ఎనిమిదికి దిగినవాడి ఐరన్ షాట్లు పద్దెనిమిది హ్యాండిక్యాప్ వాడి కన్నా అధ్వానంగా ఉండొచ్చు.

అసలు సన్నటి బ్లేడ్లకూ, తప్పు దెబ్బను కాసే గేమ్ ఇంప్రూవ్‌మెంట్ ఐరన్లకూ తేడా బరువు ఎక్కడుందన్న దాంట్లో ఉంది. బ్లేడ్‌లో ఇనుమంతా బంతి తగిలే చోటు వెనకే పోగై ఉంటుంది. కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు ఆ బరువును తీసి అంచులకు సర్దాడు. 1982లో వచ్చిన ఆయన పింగ్ ఐ2 ఐరన్లతో ఆ పద్ధతి అందరి బ్యాగుల్లోకీ చేరింది. అంచుల్లో బరువుంటే, దెబ్బ పక్కకి పడినా హెడ్ పెద్దగా మెలితిరగదు. టో వైపు, అంటే హెడ్ కొస వైపు తగిలిన బంతి గేమ్ ఇంప్రూవ్‌మెంట్ ఐరన్‌తో గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) ముందు అంచుకైనా చేరుతుంది. అదే తప్పు బ్లేడ్‌తో చేస్తే ముందున్న ఇసుక బంకర్‌లో పడుతుంది.

ఇక లాఫ్ట్ సంగతి, అంటే బంతి తగిలే ఫేస్ ఎన్ని డిగ్రీలు వాలి ఉందన్నది. "బ్లేడ్లకి మారాక ఏడో ఐరన్ దూరం తగ్గిపోయింది" అని బాధపడేవాళ్లు సోల్ (హెడ్ అడుగు భాగం) మీద అంకెను కాదు, డిగ్రీలను చూడాలి. చాలా గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్లలో ఏడో ఐరన్ 28 నుంచి 30 డిగ్రీలు, బ్లేడ్ అయితే 34 దాకా ఉంటుంది. నాలుగు డిగ్రీలంటే దాదాపు ఒక ఐరన్ తేడా (అంకె తగ్గేకొద్దీ లాఫ్ట్ తక్కువ, దూరం ఎక్కువ). మీ పాత ఏడు నిజానికి ఆరన్నమాట. తొమ్మిదో ఐరన్ తర్వాత వచ్చే పిచింగ్ వెడ్జ్ కూడా 43, 44 నుంచి 46, 47కి మారిపోతుంది కాబట్టి, దాని తర్వాతి వెడ్జ్‌లను కూడా సరిచూసుకోవాలి. ఎటూ 14 క్లబ్బులకు మించి పెట్టుకోకూడదు.

నా దృష్టిలో అసలు ప్రశ్న బ్లేడ్ ఆడగలరా అన్నది కాదు, పాత ఐరన్ మిమ్మల్ని దెబ్బతీస్తోందా అన్నది. గేమ్ ఇంప్రూవ్‌మెంట్ ఐరన్‌లో ఫేస్ కాస్త వెనక్కి జరిగి ఉంటుంది, అదే ఆఫ్‌సెట్. స్లైస్ కొట్టేవాళ్లకి, అంటే బంతి కుడికి వంగిపోయేవాళ్లకి (కుడిచేతి వాటం అనుకుందాం), అది వరం. కానీ మీ స్వింగ్ బాగుపడి, ఇప్పుడు ఎడమకి వంగే డ్రా కొడుతూ తప్పులన్నీ ఎడమకే వెళ్తున్నాయంటే, ఆఫ్‌సెట్ వాటిని ఇంకా ఎడమకి నెడుతుంది. రెండో గుర్తు: గట్టి నేల మీద వెడల్పాటి సోల్ ఎగిరి, బంతి నడుముకి తగలడం. మూడోది, మంచి దెబ్బ పడినా బంతి గ్రీన్ మీద ఆగకుండా అవతలికి దొర్లిపోవడం. స్వింగ్ వేగం పెరిగినవాళ్లకి తక్కువ లాఫ్ట్, తక్కువ స్పిన్ కలిస్తే ఇలాగే అవుతుంది. ఈ మూడింటిలో ఒక్కటీ లేదంటే మారడానికి కారణం బ్యాగు అందం ఒక్కటే. అదీ కారణమే, కాదనను, కానీ ఖరీదైనది.

పరీక్ష సులువు. ఫేస్ మీద పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రే పలచగా కొట్టి, ఏడో ఐరన్‌తో ఇరవై, ఐదో ఐరన్‌తో ఇరవై బంతులు కొట్టండి. గుర్తుల్లో ఎక్కువ భాగం బొటనవేలితో మూసేయగలిగేంత చోటులో పడ్డాయా? ఏడుతో అవునన్నవాళ్లలో చాలామందికి ఐదుతో కాదనే వస్తుంది. ఇది ఒళ్లు అలిసిపోయాక చేయాలి, గడ్డి మీద చేయాలి. మ్యాట్ మీద మాత్రం వద్దు. బంతి కన్నా ముందు నేలకి తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని చేరుతుంది, తప్పు బయటపడదు. నేను బ్లేడ్లు కొన్నది అలా మ్యాట్ మీద కొట్టి మురిసిపోయే. కోర్సులో మొదటి తొమ్మిది హోల్స్‌లోనే నాలుగుసార్లు బంతి వెనక గొయ్యి తవ్వాను. డివట్లు (క్లబ్ తగిలి లేచే మట్టి పెళ్లలు) లోతుగా తీసేవాళ్లకి సన్నటి సోల్ అచ్చిరాదని అప్పుడు తెలిసింది.

ఫోర్జ్‌డ్ (ఉక్కును సాగగొట్టి చేసిన) ఐరన్ అంటే చేతికి మెత్తగా ఉంటుందనే మాటను నేను పెద్దగా పట్టించుకోను. ఆ మెత్తదనంలో చాలా భాగం చెవికి వినిపించే చప్పుడే. అసలు లాభం వేరే: మెత్తటి ఉక్కు కాబట్టి లాఫ్ట్, లై (కర్రకీ నేలకీ మధ్య) కోణాలు మీకు తగ్గట్టు సులువుగా వంచుకోవచ్చు. హెడ్ మార్చే ముందు షాఫ్ట్, అంటే క్లబ్ కర్ర, కూడా చూసుకోండి. తేలికపాటి గ్రాఫైట్ షాఫ్ట్ మీ స్వింగ్‌కి ఇప్పుడు చాలకపోతే, తప్పు ఐరన్ హెడ్‌ది కాదు.

మధ్యేమార్గంగా ప్లేయర్స్ డిస్టెన్స్ రకం ఉంది. 2017లో వచ్చిన టేలర్‌మేడ్ పీ790 లాంటివి: పైనుంచి చూస్తే బ్లేడ్‌లా సన్నగా, లోపల బోలుగా. దూరం కోసం అయితే బాగుంటాయి. కానీ లాఫ్ట్‌లు ఇక్కడా తక్కువగానే ఉంటాయి కాబట్టి, బంతి ఆగడం లేదని మారేవాళ్లకి వీటితో ఒరిగేది తక్కువ.

నా ఓటు కలిపిన సెట్‌కే. 2024లో మాస్టర్స్ టోర్నీ గెలిచినప్పుడు స్కాటీ షెఫ్లర్ బ్యాగులో ఐదో ఐరన్ నుంచి బ్లేడ్లే, మూడు, నాలుగు మాత్రం స్రిక్సన్ వాళ్ల లావుపాటి యుటిలిటీ ఐరన్లు. అంతటివాడే పొడుగు ఐరన్ల దగ్గర సాయం తీసుకుంటే మనకి మొహమాటం ఎందుకు? ఎనిమిది, తొమ్మిది, వెడ్జ్ నుంచి మొదలుపెట్టండి. అక్కడ దూరం కన్నా గురి ముఖ్యం, తప్పుకి శిక్ష కూడా తక్కువ. ఒక సీజన్ ఆడాక ఏడుకి ఎక్కండి. అందాకా పాత సెట్ అమ్మొద్దు.

నా బ్యాగులో ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది, వెడ్జ్ బ్లేడ్లు; ఆరు, ఏడు క్యావిటీ బ్యాక్ (వెనక గుంట ఉండి, అంచుల్లో బరువున్నవి); నాలుగు బదులు హైబ్రిడ్ (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్య రకం క్లబ్). ఐదు సంగతే ఇంకా తేలలేదు. పోయినసారి స్ప్రే కొట్టి చూస్తే గుర్తులు ఫేస్ అంతా ఉన్నాయి.