పాత గ్యాస్ గీజర్: ఏళ్ల తరబడి వాడాక

సెల్లులతో వెలిగే ఆరు లీటర్ల ఎల్పీజీ గీజర్ కొత్తలో ఎలా పనిచేసిందన్నది లెక్కలోకి రాదు. లోపలి రబ్బరు గట్టిపడి, రాగి గొట్టాలకు సున్నం పట్టాకే దాని సత్తా తెలిసేది. ఆ పరీక్షలో ఇది నెగ్గింది. చెడిపోయేవన్నీ చిన్న సామాన్లే, చాలావరకు ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. గ్యాస్ వాల్వును మాత్రం విప్పకూడదు, అది మెకానిక్ పని.

ఎక్కువసార్లు వచ్చే పేచీ ఒకటే: కుళాయి తిప్పినా స్పార్క్ టిక్‌టిక్ వినపడదు. సర్క్యూట్ పోయిందని కంగారుపడే ముందు సెల్లులు చూడండి. రెండు పెద్ద సెల్లులు కలిపి 3 వోల్టులు ఇవ్వాలి. బాగా దిగిపోతే స్పార్క్ వచ్చినా సోలినాయిడ్‌కు, అంటే కరెంటుతో పనిచేసే గ్యాస్ వాల్వుకు, గ్యాస్‌ను తెరిచి ఉంచే బలం ఉండదు. 1.2 వోల్టుల రీచార్జబుల్ సెల్లులతో వచ్చే తంటా కూడా ఇదే. స్ప్రింగుల మీద చిలుము ఉంటే గరుకు కాగితంతో గీకేయాలి.

సెల్లులు బాగానే ఉంటే గ్యాస్ కట్టేసి, మూత తీసి, నీటి వాల్వు పక్కనున్న మైక్రోస్విచ్ మీటను వేలితో కదపండి. స్పార్క్ వచ్చిందంటే తప్పు నీటి వైపు ఉన్నట్టే. లోపలికి నీళ్లొచ్చే చోట నట్టు విప్పితే చిన్న జాలీ ఉంటుంది. ఇసుక, తుప్పు రేణువులు అక్కడే చేరతాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు.

ఆ తర్వాత అనుమానించాల్సింది డయాఫ్రంని. ఈ రబ్బరు బిళ్ల నీటి ఒత్తిడికి ఉబ్బి మధ్యలోని కడ్డీని నెడుతుంది. స్విచ్చినీ గ్యాస్ దారినీ కదిలించేది ఆ కడ్డీయే. బిళ్లను వెలుతురుకు అడ్డంగా పట్టి కాస్త సాగదీస్తే సన్న చీలికలు బయటపడతాయి. కొత్తది వేసేటప్పుడు చిల్లులు పాత వాటి చోటికే రావాలి. స్క్రూలు ఎదురెదురువి కొద్దికొద్దిగా బిగించాలి, లేకపోతే ఓ పక్క కారుతుంది. కడ్డీకి సిలికాన్ గ్రీజు తప్ప వేరేది వద్దు, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. కుళాయి కట్టేసినా మంట ఆరడం లేదంటే ఏదో లోపల ఇరుక్కున్నట్టు. వెంటనే సిలిండర్ కట్టేయాలి, బాగయ్యేదాకా ముట్టుకోకూడదు.

వెలిగిన కొన్ని సెకన్లకే ఆరిపోతుంటే మంటను పసిగట్టే కడ్డీకి మసి పట్టి ఉంటుంది. సన్న గరుకు కాగితంతో తుడిచి, వైరు వదులైందేమో చూడండి. ఇరవై నిమిషాలకు ఆగిపోతే అది రోగం కాదు, చాలా మోడళ్లలో టైమర్ ఉంటుంది.

మంట నీలంగా ఉండాలి. పసుపు కొనలు కనిపిస్తే బర్నర్ గాలిదారుల్లో దుమ్మో సాలెగూడో అడ్డుపడి గ్యాస్ సరిగ్గా కాలడం లేదు. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా రంగూ ఉండవు, ప్రాణం తీస్తుంది. మంట ఎంత నీలంగా ఉన్నా గీజర్ స్నానాల గది బయట, గాలి ఆడే చోటే ఉండాలి. ఈ విషయంలో నాకు బేరాల్లేవు.

వేడినీటి ధార సన్నబడితే సున్నం పట్టిందని అర్థం. గ్యాస్ కట్టి, సెల్లులు తీసి, లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గొట్టంలో నింపి, గంటాగి ధారాళంగా కడగాలి. మంట పెద్దది పెట్టి చన్నీళ్లు కలుపుకునే అలవాటు ఉన్న ఇళ్లలో ఈ పని తరచూ పడుతుంది, ఎందుకంటే నీళ్లు 60 డిగ్రీలు దాటితే సున్నం వేగంగా పేరుకుంటుంది. మంటే తగ్గించుకుంటే గ్యాసూ ఆదా. పూర్తి మంట మీద గంటకు దాదాపు కిలో గ్యాస్ కాలుతుంది మరి.

రాగి గొట్టం మీద పచ్చ మరక, కింద చుక్కలు కనిపిస్తే చిల్లు పడినట్టే. అతుకు వేయించినా పక్కనే మరోచోట కారుతుంది. ఆ భాగం కొత్తది దొరికితే మార్చాలి, దొరకకపోతే గీజరే మార్చాలి.