మొసలి తలలో ఏనుగు గుట్టు: జంతువుల గూఢ నుడికట్ల పుస్తకంపై సమీక్ష

జంతువుల పేర్లే జవాబులుగా కూర్చిన ఈ గూఢ నుడికట్ల (ఆధారంలోని మాటల ఆటను ఛేదించి గళ్ళు నింపే క్రాస్‌వర్డ్‌ల) పుస్తకాన్ని తెరిచినప్పుడు, జవాబు ఏదో ఒక జంతువని ముందే తెలిసిపోయాక పూరించడంలో పస ఏముంటుందన్న సందేహం నాకు కలిగింది. ‘మొసలికి తల తెగితే ఏనుగు మిగులుతుంది (2)’ అన్న ఆధారం దగ్గరే ఆ సందేహం తీరిపోయింది (చివరి అంకె జవాబులోని అక్షరాల లెక్క). ‘మొసలి’లో మొదటి అక్షరం తీసి చూస్తే ‘సలి’ మిగిలింది, దానికి అర్థం లేదు. చాలాసేపటికి మొసలికి ‘మకరి’ అన్న మరో పేరు తట్టింది. ‘మ’ తొలగగానే ‘కరి’ బయటపడింది. గజేంద్రమోక్షం కథ తెలిసినవారికి ఈ ఒక్క ఆధారం కలిగించే సంతోషం ఇంతా అంతా కాదు.

తెలుగులో జంతువుల పేర్లు ఇలాంటి ఆటకు ఎంత అనువైనవో ఈ పుస్తకం చూపించినంత బాగా నేను మరెక్కడా చూడలేదు. పాము, తేలు, దున్న, కప్ప అన్న మాటలు క్రియలుగానూ పనికివస్తాయి కాబట్టి, ఒకే జవాబుకు రెండు అర్థాలు ఇచ్చే ఆధారాలు సహజంగా అమరుతాయి. ‘మునగకు, కుడుతుంది (2)’ అన్నదానికి జవాబు ‘తేలు’. మునగవద్దంటే తేలమనే కదా! ‘తినక్కరలేదన్న మాటలో దాగిన జిత్తులమారి (2)’ అన్నచోట, ఆ మాట మధ్యలోనే ‘నక్క’ కూర్చుని ఉంటుంది. ఇక ‘ఇంగ్లిషువారి ఆలస్యం వెనుదిరిగితే లేచిందే పరుగు (2)’ అన్న ఆధారంలో ‘డిలే’ను తిరగేస్తే ‘లేడి’ వస్తుంది; ఆలస్యంలోంచి పరుగు పుట్టించిన ఆ కూర్పరికి మనసారా నమస్కరించాను.

నానార్థాల పుటలో సింహం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని ఆరు జంతువులను వరుసగా పేర్కొని, అన్నిటికీ కలిపి రెండక్షరాల జవాబు ఒక్కటే అడిగారు. అమరకోశంతో పరిచయం ఉన్నవారు వెంటనే ‘హరి’ అని వ్రాసేస్తారు. లేనివారు నిఘంటువు తిరగేయక తప్పదు, కానీ ఆ శ్రమ వృథా కాదు.

అయితే ఒక లోపాన్ని మాత్రం ఉపేక్షించలేను. ఆంగ్లంలో జిమెనీస్ అన్న కలంపేరుతో ప్రసిద్ధుడైన నుడికట్ల కూర్పరి డి.ఎస్. మెక్‌నట్ పట్టుబట్టిన పద్ధతి ప్రకారం, ఆధారంలో జవాబుకు సరైన అర్థం, న్యాయమైన పదక్రీడ ఉండాలి, అంతకుమించి ఒక్క అక్షరం కూడా మిగలకూడదు. ఇక్కడ ‘దగాపడి తారుమారైన బరువుల జంతువు (3)’ అన్న ఆధారానికి ‘గాడిద’ అన్నది జవాబు. ‘దగాపడి’లో నాలుగు అక్షరాలున్నాయి, గళ్ళు మూడే; ‘ప’ను ఎందుకు వదలాలో ఆధారం చెప్పదు. ‘దగాపడి, పరువులో మొదటిది పోగొట్టుకొని, తారుమారైన బరువుల జంతువు’ అని ఉంటే ‘ప’ పోవడానికి కారణం దొరికేది, గాడిద కష్టం కూడా మరింత బాగా పలికేది. ఇలాంటివి కొన్నే అయినా, పూరించేవారి నమ్మకాన్ని అవి దెబ్బతీస్తాయి, ఎందుకంటే ఆ తరువాత సరైన ఆధారాన్ని కూడా అనుమానంతోనే చదువుతాము.

చివర జవాబులు మాత్రమే అచ్చువేసి, అవి ఎలా వచ్చాయో వివరించకపోవడం కొత్తవారికి ఇబ్బందే. గళ్ళు కాస్త ఇరుకుగా ఉన్నాయి. పెన్సిలు సన్నగా చెక్కుకోవాలి. గూఢ ఆధారాలతో అసలు పరిచయం లేనివారు వరుసక్రమాన్ని పక్కనపెట్టి, చివరి మూడు నుడికట్లతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ‘నక్క’లాగా మాటలోనే దాగిన జవాబులు ఎక్కువగా ఉన్నది అక్కడే.