షిప్ ఆగేది ఒకచోట, బ్రోషర్‌లో రాసేది ఇంకో ఊరు: సింగపూర్ క్రూజ్‌లో మా మూడు పోర్టులు

మంత్రాలయం రోడ్ స్టేషన్లో రైలు దిగితే ఎదురుగా మఠం ఉండదు, ఆటోనో బస్సో పట్టుకుని ఇంకో పది పదిహేను కిలోమీటర్లు పోవాలని మన కర్నూలు జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. క్రూజ్ పోర్టుల సంగతి కూడా చాలాచోట్ల ఇంతే. మొన్న ఫిబ్రవరి చివర్లో నేను, చెల్లి, అమ్మ, నాన్న సింగపూర్ నుంచి ఐదు రాత్రుల క్రూజ్‌కి వెళ్లొచ్చాం. మలేషియాలో పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, థాయ్‌లాండ్‌లో ఫుకెట్, మళ్లీ సింగపూర్. వెళ్లే ముందు నెలన్నర పాటు ఒక్కో పోర్టు గురించి కూర్చుని వివరాలు పోగేశాను. ఆ పని చేయకపోతే కనీసం ఒక రోజు పూర్తిగా పాడయ్యేది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

టికెట్లు బుక్ చేసిన ఏజెంటు ఇచ్చిన కాగితంలో రెండో రోజు దగ్గర పెద్ద అక్షరాలతో కౌలాలంపూర్ అని ఉంది, పోర్ట్ క్లాంగ్ అనేది దాని కింద చిన్నగా ఉంది. అది చూసి నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "షిప్పు దిగినాక ఊరు ఎంత దూరమో సూడు ముందు." ఏజెంటుకు ఫోన్ చేస్తే "దగ్గరేనండీ, ట్రైన్ కూడా ఉంది" అన్నాడు. మ్యాప్‌లో చూస్తే పోర్ట్ క్లాంగ్ అనే స్టేషన్ నిజంగానే ఉంది, అక్కడి నుంచి కౌలాలంపూర్‌కి కేటీఎం కొమ్యూటర్ రైలు కూడా ఉంది. నేనూ సంతోషపడి రైలు ప్లాన్ రాసేసుకున్నాను. రెండు రోజుల తర్వాత క్రూజ్ టెర్మినల్ పేరు పెట్టి వెతికితే అది ఆ టౌన్లో లేనే లేదు. పులావ్ ఇందా అనే దీవి మీద ఉంది. మ్యాప్‌లో స్టేషన్ పక్కనే అనిపిస్తుంది కానీ మధ్యలో నీళ్లు, రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలి. కౌలాలంపూర్ సిటీ అక్కడి నుంచి సుమారు అరవై కిలోమీటర్లు, ట్రాఫిక్ ఉంటే గంటన్నర.

అందుకే పోర్టు పేరు కాదు, మీ షిప్ ఆగే టెర్మినల్ పేరు పట్టుకోండి. బ్యాంకాక్ అని రాస్తే చాలాసార్లు అది లేమ్ చబాంగ్, సిటీకి వంద కిలోమీటర్లు పైనే. రోమ్ అంటే చివిటావెక్కియా, అక్కడి నుంచి డెబ్బై ఎనభై కిలోమీటర్లు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కానీ ఆ దూరం మీ రోజులో సగం తినేస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు.

ఒక నోట్‌బుక్‌లో ఒక్కో పోర్టుకి ఒక పేజీ కేటాయించాను. టెర్మినల్ పేరు, షిప్ గట్టుకు ఆనుకుంటుందా లేక సముద్రంలో లంగరేసి చిన్న బోట్లలో దింపుతారా, మెట్లు దిగిన చోటు నుంచి గేటు దాకా నడకా బస్సా, ఆ రోజు అక్కడ పండుగ గానీ సెలవు గానీ ఉందా, అదే రోజు ఇంకెన్ని షిప్పులు వస్తున్నాయి, చివరగా ఎన్నింటికల్లా షిప్ ఎక్కేయాలి, ఇవీ నేను రాసుకున్నవి. వీటిలో చాలావరకు క్రూజ్ కంపెనీ షోర్ ఎక్స్‌కర్షన్ల (షిప్ దిగాక వాళ్లు తిప్పి చూపించే టూర్లు) పేజీలోనే దొరుకుతాయి, మనం టూర్ కొనకపోయినా చదవచ్చు. నాలుగు గంటల టూర్‌లో రెండున్నర గంటలు బస్సులోనే అని రాసి ఉంటే దూరం ఎంతో తెలిసిపోతుంది. టెర్మినళ్ల సైట్లలో ఏ రోజు ఏ షిప్ వస్తుందో షెడ్యూల్ ఉంటుంది, సింగపూర్‌ది నేను అలాగే చూశాను. యూట్యూబ్ వీడియోలు కూడా చూశాను కానీ వాటిలో అందరూ బఫే, బాల్కనీ చూపిస్తారు తప్ప గేటు దాకా ఎలా వచ్చారో చూపించేవాళ్లు తక్కువ.

పండుగ సంగతి ఎందుకు చూశానంటే బతూ కేవ్స్, కౌలాలంపూర్ దగ్గర గుహల్లో ఉన్న మురుగన్ గుడి. మలేషియాలో మురుగన్ పండుగ తైపూసం జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, అప్పుడు అక్కడ లక్షల జనం. అమ్మకు ఆ సుబ్రహ్మణ్య స్వామిని చూడాలని ఎప్పటి నుంచో కోరిక, అందుకే తైపూసం అయిపోయాక ఉన్న సెయిలింగ్ తీసుకున్నాం.

సింగపూర్ సంగతి క్లుప్తంగా. కర్నూలు నుంచి శంషాబాద్‌కి కారులో మూడు గంటల పైచిలుకు, హైదరాబాద్ సిటీలోకి పోయే పని లేదు. రాత్రి ఫ్లైట్, నాలుగున్నర గంటల ప్రయాణం. షిప్ ఎక్కడానికి ఒక రోజు ముందే చేరుకోండి, అదే రోజు దిగి అదే రోజు షిప్ ఎక్కుదామంటే ఫ్లైట్ ఆలస్యమైనప్పుడు షిప్ మనకోసం ఆగదు. లిటిల్ ఇండియాలో ఫారర్ పార్క్ ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషన్ దగ్గర హోటల్ తీసుకున్నాం. రూముకు కిటికీ లేదు, బుక్ చేసేటప్పుడు ఆ విషయం ఎక్కడో అడుగున రాసి ఉంది, నేను చూడలేదు. అమ్మకు ఊపిరాడనట్టు అనిపించి రాత్రంతా నిద్ర పట్టలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు సింగపూర్‌లో కిటికీ ఉందా అని తప్పకుండా అడగాలి. చోటు మాత్రం చాలా బాగుంది, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి నడిచి వెళ్లాం, ఇడ్లీ దోసెలకు కొదవ లేదు. వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా అని చూసుకోండి, ఎందుకంటే క్రూజ్ అయ్యాక మళ్లీ సింగపూర్‌లోకే వస్తాం, అది రెండో ఎంట్రీ. మెరీనా సౌత్ పియర్ ఎంఆర్‌టీ నుంచి క్రూజ్ సెంటర్‌కి నడవచ్చు కానీ నాలుగు సూట్‌కేసులతో ఆ ప్రయత్నం చేయకండి, టాక్సీ మేలు.

పోర్ట్ క్లాంగ్‌లో మూడు దారులు కనిపించాయి. షిప్ వాళ్ల టూర్, మనమే గ్రాబ్ (అక్కడి యాప్ టాక్సీ) పెట్టుకోవడం, ముందే మాట్లాడుకున్న వ్యాన్. షిప్ టూర్‌లో ఒక పెద్ద ధైర్యం ఉంది, వాళ్ల బస్సు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది. మన సొంత బండి ఆలస్యమైతే ఆగదు. కానీ ఆ టూర్ కౌలాలంపూర్‌లో నాలుగు చోట్ల ఆగి బతూ కేవ్స్ దగ్గర ముప్పావు గంటే ఇస్తోంది, అమ్మకు కావలసింది అదొక్కటే కదా. గ్రాబ్‌తో వెళ్లడం సులువే, తిరుగు ప్రయాణంలో దీవి దాకా వచ్చే బండి దొరకకపోతే ఎలా అన్న టెన్షన్ నాకు. చివరికి వ్యాన్ మాట్లాడుకున్నాం, నలుగురికి షిప్ టూర్ కయ్యే డబ్బులో సగం కంటే కొంచెం ఎక్కువ. షిప్ ఒకవేళ పోర్టుకు రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అని మెసేజ్‌లో అడిగి, ఇస్తామని రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్స్ కట్టాను.

బతూ కేవ్స్ గురించి ఎంత రాసినా తక్కువే. 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ విగ్రహం, 2006లో ఆవిష్కరించారు, కింద నిలబడి తలెత్తితే మెడ నొప్పి పుడుతుంది. పక్కనే గుహలోకి 272 మెట్లు, 2018లో రంగులు వేసినవి. నాన్న నెమ్మదిగా ఎక్కారు, అమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు. ఎక్కలేకపోయానే అని బాధపడుతుందేమో అనుకున్నాను. కానీ కింద కూడా గుళ్లున్నాయి, ఆ పక్కనే పెద్ద హనుమంతుడి విగ్రహం ఉంది, అక్కడ కూర్చుని ఆమె ప్రశాంతంగా దండం పెట్టుకుంది. కోతులు చేతిలోని కవర్లు లాక్కుంటాయి, జాగ్రత్త. అక్కడి నుంచి ట్విన్ టవర్స్‌ను కారులోంచే చూసి నేరుగా షిప్‌కి వచ్చేశాం, ఎక్కే టైముకు గంటన్నర ముందే. చెల్లి షాపింగ్ లేదని అలిగింది, అయినా నేను మళ్లీ వెళ్లినా ఇలాగే చేస్తాను. కౌలాలంపూర్ దాకా పోవడం ఇష్టం లేనివాళ్లకు క్లాంగ్ టౌన్‌లోనే ఒక లిటిల్ ఇండియా ఉంది, టెర్మినల్‌కి కౌలాలంపూర్ కంటే దగ్గర.

పెనాంగ్ దీనికి పూర్తిగా ఎదురు. షిప్ జార్జ్‌టౌన్‌లోని స్వెటెన్‌హామ్ పియర్‌కి ఆనుకుంటుంది, గేటు దాటితే ఊరి నడిబొడ్డే. ఇక్కడ టూర్ కొనడం డబ్బు దండగ, గట్టిగా చెబుతున్నాను. గేటు ఎదురుగానే విక్టోరియా రాణి పేరున కట్టిన గడియార స్తంభం, ఆమె పాలనకు అరవై ఏళ్లయిన సందర్భంగా ఏడాదికి ఒక అడుగు చొప్పున అరవై అడుగులు. దాని పక్కన ఫోర్ట్ కార్న్‌వాలిస్. పది నిమిషాలు నడిస్తే క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి, చుట్టూ లిటిల్ ఇండియా, అరిటాకు భోజనం. ఇంకోవైపు నీళ్ల మీద కర్రలు పాతి కట్టుకున్న చైనా వాళ్ల ఇళ్లు, చ్యూ జెట్టీ. ఊళ్లోని పాత భాగం 2008 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, పాత వీధుల్లో ఊరికే తిరిగినా బాగుంటుంది. ఉచితంగా తిరిగే క్యాట్ బస్సు ఉందని ముందే రాసుకున్నాను, ఎండకు అమ్మ అలిసిపోయినప్పుడు అదే ఆదుకుంది. పెనాంగ్ హిల్ రైలు ఎక్కాలంటే మాత్రం పొద్దున్నే పోవాలి, క్యూ పెరిగితే రెండు మూడు గంటలు దానికే పోతాయి. మేము పోలేదు. మూడు పోర్టుల్లో నాకు బాగా నచ్చింది ఇదే, అక్కడ ఒక్క నిమిషం కూడా గడియారం చూసుకుని కంగారు పడలేదు.

ఫుకెట్‌లో షిప్ గట్టుకు రాలేదు. పటాంగ్ బీచ్ ముందు సముద్రంలో లంగరేశారు, టెండర్ అనే చిన్న బోట్లలో ఒడ్డుకు చేరాలి. ముందు టోకెన్ తీసుకుని మన నంబర్ పిలిచేదాకా హాల్లో కూర్చోవాలి, షిప్ టూర్ కొన్నవాళ్లను మొదట పంపుతారు. మాకు గంటకు పైగా పట్టింది. షిప్ తలుపు నుంచి ఊగే బోటులోకి ఒక అడుగు వేయాలి, సిబ్బంది రెండు చేతులూ పట్టుకుంటారు, అయినా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే మనసులో సిద్ధపడాలి. అలలు ఎక్కువగా ఉంటే ఆ పోర్టు రద్దు కూడా చేస్తారు. చెల్లికి ఫిఫి దీవులు చూడాలని ఉంది. స్పీడ్‌బోటులో పోనూ రానూ సమయం, టెండర్ క్యూ కలిపి లెక్క వేసి చూపిస్తే మిగిలేది గంటన్నర. "సరేలే అన్నా, ఈసారి విమానంలో వచ్చి నాలుగు రోజులుందాం" అంది. నిజం కూడా అదే, షిప్ మీద వచ్చి ఒక్క పూట తిరిగితే ఫుకెట్‌ను చూసినట్టు కాదు. బీచ్‌లో కొబ్బరి నీళ్లు తాగి, కాసేపు నడిచి వచ్చేశాం. అక్కడి టుక్‌టుక్‌లకు మీటరుండదు, ఎక్కే ముందే ధర మాట్లాడుకోవాలి.

అందరూ మరిచిపోయే విషయం టైము. థాయ్‌లాండ్ సింగపూర్ కంటే గంట వెనుక. మా షిప్ మాత్రం చివరి దాకా సింగపూర్ టైమే పాటించింది. ఒడ్డు మీద సిగ్నల్ అందగానే నా ఫోన్ తనంతట తానే గంట వెనక్కి జరిగింది. ఫోన్‌లో మూడు, షిప్‌లో నాలుగు. చివరి టెండర్ నాలుగున్నరకు. ఫోన్‌నే నమ్ముకునుంటే ఇంకా గంటన్నర ఉందని బీచ్‌లోనే కూర్చునేవాళ్లం. నాన్న తన పాత హెచ్ఎంటీ వాచీని మొదటి రోజే షిప్ గడియారానికి సరిచేసి పెట్టుకున్నారు, ఆ రోజంతా ఆయన వాచీనే చూశాం. సముద్రం మీద ఉన్నంతసేపు ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, షిప్ నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది.

చివరి రోజు పొద్దున సింగపూర్‌లో దిగేటప్పుడు లగేజీ, ఇమిగ్రేషన్ కలిపి రెండు గంటలు పట్టింది. తిరుగు ఫ్లైట్ మధ్యాహ్నం తర్వాతదే తీసుకోండి. మాది రాత్రిది, ఆ మిగిలిన పగలంతా చెల్లి లిటిల్ ఇండియాలోని ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపింగ్ మాల్లో కౌలాలంపూర్ బాకీ తీర్చుకుంది.